వేడి మీద రాయాలా, ఆగి రాయాలా? మ్యాచులు, సినిమా వార్తల మీద మన స్పందన గురించి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: మీరు బీటెక్ రెండో ఏడు. క్రికెట్ మీద, సినిమా వార్తల మీద తెలుగులో మీ స్పందన రాస్తున్నారు. మ్యాచ్ అయిన గంటలో రాస్తే మర్నాడు చదువుకుని "ఇలా రాశానేంటి" అనిపిస్తోంది. రెండు రోజులు ఆగి రాస్తే చప్పగా, పేపర్లో వచ్చిందే తిరగరాసినట్టు ఉంటోంది. ఎప్పుడు రాయాలి, ఏం రాయాలి అని అడిగారు.

ఆ రాత్రే రాయండి. చూసినది, మీకు అనిపించినది రాయండి. తీర్పు మాత్రం మర్నాటికి ఉంచండి. మీకు మర్నాడు ఇబ్బందిగా అనిపిస్తున్నవి దాదాపు అన్నీ తీర్పు వాక్యాలే అయి ఉంటాయి. ఒకసారి మీ పాత పోస్టులు తీసి చూడండి.

నేను 2007 నుంచి రాస్తున్నాను. మొదటి టీ20 ప్రపంచకప్ ఫైనల్లో మిస్బా కొట్టిన బంతి గాల్లోకి లేచి శ్రీశాంత్ చేతుల్లో పడిన రాత్రి, అమీర్‌పేటలో ఐదుగురం ఉండే గదిలో, ఆఫీసు డైరీ వెనక పేజీల్లో మొదలుపెట్టాను. ఇప్పటికి పదకొండు నోటు పుస్తకాలు అయ్యాయి. మొదట పుస్తకంలో రాసుకుంటాను, అందులో కొంత మాత్రమే నలుగురికీ చూపిస్తాను. నేను చెప్పేదంతా ఆ పుస్తకాలు తిరగేస్తే తెలిసినదే.

అన్నిటికంటే బాగా నేర్పిన ఒక రాత్రి గురించి కాస్త వివరంగా చెబుతాను.

2025 ఆగస్టు 3, ఆదివారం. ఇంగ్లండ్‌తో సిరీస్‌లో చివరిది, ఓవల్ టెస్టు నాలుగో రోజు. ఇంగ్లండ్ లక్ష్యం 374. హ్యారీ బ్రూక్ 19 మీద ఉండగా ప్రసిద్ధ్ కృష్ణ బంతిని గాల్లోకి లేపాడు. బౌండరీ దగ్గర సిరాజ్ ఉన్నాడు. క్యాచ్ శుభ్రంగా పట్టాడు. ఇటు ప్రసిద్ధ్ చేతులు పైకెత్తేశాడు కూడా. బంతి సిరాజ్ చేతుల్లోనే ఉంది, కానీ అడుగు వెనక్కి పడి కాలు తాడుకు తగిలింది. సిక్స్. సిరాజ్ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. బ్రూక్ 111 కొట్టి గానీ వెళ్లలేదు.

ఆ రాత్రి నా పుస్తకంలో నాలుగు వాక్యాలు ఉన్నాయి. ఉన్నవి ఉన్నట్టే ఇస్తున్నాను:

"కాలు తాడు మీద పడగానే ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు, ఫ్యాన్ చప్పుడు వినబడింది. సిరాజ్ మొహం కప్పుకున్న తీరు చూస్తే కోపం రావాల్సింది పోయి కడుపులో తిప్పినట్టైంది. ఈ ఒక్క అడుగుతో సిరీస్ పోయింది. ఇంత ముఖ్యమైన సమయంలో అతన్ని అక్కడ ఎవరు నిలబెట్టారు?"

మర్నాడు పొద్దుటికి ఇంగ్లండ్‌కు 35 పరుగులు కావాలి, నాలుగు వికెట్లు చేతిలో ఉన్నాయి. క్రిస్ వోక్స్ ఒక చెయ్యి కట్టుతో, స్వెటర్ లోపల దాచుకుని బ్యాటింగ్‌కు వచ్చాడు. చివరికి సిరాజ్ యార్కర్‌తో అట్కిన్సన్ ఆఫ్ స్టంప్ ఎగిరింది. ఆరు పరుగుల తేడాతో గెలిచాం, సిరీస్ 2-2. ఆ ఇన్నింగ్స్‌లో సిరాజ్‌కు ఐదు వికెట్లు, మొత్తం మ్యాచ్‌లో తొమ్మిది. ఆ పొద్దున లేవగానే 'బిలీవ్' అని రాసి ఉన్న రొనాల్డో బొమ్మ వెతికి ఫోన్లో వాల్‌పేపర్‌గా పెట్టుకున్నానని తర్వాత అతనే చెప్పాడు. మూడు వారాల ముందు లార్డ్స్‌లో, తను అడ్డుకున్న బంతే వెనక్కి దొర్లి వికెట్లను తాకితే 22 పరుగుల తేడాతో ఓడిపోయి, పిచ్ మీదే కూలబడిన మనిషి అతను.

ఇప్పుడు ఆ నాలుగు వాక్యాలు మళ్లీ చదవండి. మొదటి రెండూ ఈ రోజుకీ నిజం. మ్యాచ్ గెలిచినా అవి నిజమే, ఓడినా నిజమే. మూడోది పద్దెనిమిది గంటలు కూడా నిలవలేదు. నాలుగోది రాసినందుకు నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది. హైదరాబాద్‌లో ఆటో నడిపిన తండ్రి 2020లో చనిపోతే, ఆస్ట్రేలియాలో జట్టుతోనే ఉండిపోయి, ఆ టూర్‌లోనే మెల్‌బోర్న్‌లో మొదటి టెస్టు ఆడి, గబ్బాలో ఐదు వికెట్లు తీసిన కుర్రాడు అతను. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా ఆ కోపంలో గుర్తు రాలేదు.

అందుకే వేడిలో రాయొద్దని నేను అనను. వేడిలో మన కళ్లు బాగానే పనిచేస్తాయి. లెక్కలు, జోస్యాలు, ఎవరి తప్పు అని తేల్చడాలు మాత్రం చెడతాయి. రాసేటప్పుడు "పోయింది", "అయిపోయింది", "ఇక లాభం లేదు", "వీణ్ని తీసేయాలి" అన్న మాటలు వస్తే ఆ వాక్యం పక్కన చిన్న గీత పెట్టుకోండి. కొట్టేయొద్దు. పొద్దున చూసుకోండి. గీత పెట్టిన వాటిలో సగమైనా మీరు బయటపెట్టరు.

ఇక ఆగి రాస్తే చప్పగా ఎందుకు ఉంటుందన్నారు. ఫలితం తెలిశాక మన జ్ఞాపకం దానికి తగ్గట్టు సర్దుకుంటుంది. ఇది నేను కళ్లారా చూశాను. 2024 జూన్ 29, బార్బడోస్, టీ20 ప్రపంచకప్ ఫైనల్. దక్షిణాఫ్రికాకు 30 బంతుల్లో 30 పరుగులు కావాలి, క్లాసెన్ ఊచకోత కోస్తున్నాడు. ఆ సమయంలో నేను "అయిపోయింది. మళ్లీ ఇంకోసారి" అని రాశాను. ఆ తర్వాత బుమ్రా, అర్షదీప్, హార్దిక్ బిగించారు. ఆఖరి ఓవర్ మొదటి బంతికి మిల్లర్ కొట్టినదాన్ని లాంగాఫ్‌లో సూర్యకుమార్ పట్టుకున్నాడు. తాడు దాటుతూ బంతిని గాల్లోకి వదిలి, లోపలికి వచ్చి మళ్లీ అందుకున్నాడు. ఏడు పరుగులతో గెలిచాం. సోమవారం ఆఫీసులో అందరితో "నాకు లోపల ఎక్కడో నమ్మకం ఉంది" అని చెప్పాను. అబద్ధం చెబుతున్నానని నాకు తెలియదు, నిజంగానే అలా గుర్తుంది. సాయంత్రం పుస్తకం తీస్తే నా చేతిరాతలోనే "అయిపోయింది" అని ఉంది.

ఆగి రాసి ఉంటే నేను నమ్మకం గురించి రాసేవాణ్ని. అందరూ అదే రాశారు. నా దగ్గర ఉన్న అసలు సంగతి వేరు: ఆశ వదిలేసిన మనిషికి మళ్లీ ఆశ ఎలా వచ్చింది, ఏ బంతికి వచ్చింది. చదివేవాళ్లకు కావాల్సింది అది. కాబట్టి మ్యాచ్ జరుగుతుండగానే ఓవర్ నంబరు వేసి రెండేసి ముక్కలు రాసుకోండి. ఫోన్లో నోట్స్ అయినా సరే. మర్నాడు వాటిని ముందు పెట్టుకుని పెద్దది రాయండి. అప్పుడు వేడీ ఉంటుంది, అదుపూ ఉంటుంది.

చూసినది అంటే స్కోరుబోర్డు కాదని మీకు చెప్పక్కర్లేదు. అయినా ఒక ఉదాహరణ. 2024 డిసెంబర్ 28, శనివారం పొద్దున, ఆస్ట్రేలియాతో మెల్‌బోర్న్ టెస్టు. మన విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి 99 మీద ఉండగా అవతల బుమ్రా సున్నాకి అవుటయ్యాడు. మిగిలింది సిరాజ్ ఒక్కడే. కమిన్స్ ఓవర్లో ఇంకా మూడు బంతులున్నాయి. ఆ మూడూ సిరాజ్ ఆడాలి. స్టాండ్స్‌లో నితీశ్ తండ్రి ముత్యాలరెడ్డి గారిని కెమెరా మాటిమాటికీ చూపిస్తోంది. కొడుకు ఆట కోసం ఉద్యోగం వదులుకున్న మనిషి. మా అమ్మకు క్రికెట్ తెలియదు. పచ్చిమిరపకాయల తొడిమలు తీస్తూ కూర్చుని "ఆయన ఎవర్రా, అలా దణ్ణం పెడుతున్నాడు?" అంది. ఆ అబ్బాయి నాన్న అని చెప్పాను. ఆవిడ చేతిలో మిరపకాయ అలాగే ఉండిపోయింది. సిరాజ్ మూడో బంతి అడ్డుకున్నప్పుడు మెల్‌బోర్న్‌లో జనం సెంచరీ అయినట్టే అరిచారు. తర్వాత ఓవర్లో బోలాండ్‌ను నితీశ్ నేరుగా ఫోర్ కొట్టాడు. ఆ తండ్రి ఏడుపు చూసి మా అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. మిరపకాయల చెయ్యి కదా, ఇంకా మండి ఇంకా నీళ్లు వచ్చాయి.

ఆ టెస్టు మనం 184 పరుగులతో ఓడిపోయాం. నేను రాసినదాంట్లో ఒక్క మాట మార్చాల్సిన అవసరం రాలేదు. నితీశ్ భవిష్యత్తు గురించి, టీమ్‌లో అతని స్థానం గురించి ఆ రోజు పుంఖానుపుంఖాలుగా వచ్చినవి ఇప్పుడు ఎవరికీ గుర్తు లేవు. మా అమ్మ మిరపకాయల సంగతి మాత్రం నాకు తెలిసినవాళ్లు ఇప్పటికీ ఎత్తుతారు.

ఇక సినిమా వార్తలు. ఇక్కడ ఇబ్బంది వేరు. మ్యాచ్ మన కళ్ల ముందే జరుగుతుంది. సినిమా వార్త ఎవరో చెబితే మనకు చేరుతుంది.

వార్త నిజమో కాదో తేలకుండా స్పందన రాయకండి. ముఖ్యంగా మరణ వార్తలకు. 2023 మార్చిలో, ఉగాది ముందు, కోట శ్రీనివాసరావు గారు పోయారని పుకారు లేచింది. నేను నివాళి రాయడం మొదలుపెట్టాను. పిసినారి పాత్రలో కోడిని పైన వేలాడదీసి, దాన్ని చూస్తూ అన్నం తినే దృశ్యం గురించి ఒక పేరా అయింది కూడా. కరెంటు పోయి సిస్టమ్ ఆగిపోయింది కాబట్టి సరిపోయింది. ఈలోగా ఆయనే వీడియోలో కనిపించి తాను బాగానే ఉన్నానని చెప్పుకోవాల్సి వచ్చింది. ఆ వయసులో, పండగ ముందు, బతికే ఉన్నానని ఒక పెద్దమనిషి చెప్పుకోవడం చూసి నాకు చాలా బాధేసింది. నేను పోస్ట్ చేయకపోయినా, చేయబోయిన వాళ్లలో ఒకణ్నే కదా. ఆయన నిజంగా కన్నుమూసింది 2025 జూలై 13న. ఆ రోజు కుటుంబం, పరిశ్రమ పెద్దలు చెప్పేదాకా నేను కలం ముట్టలేదు. ఆ పాత పేరా కూడా వాడలేదు. మనిషి ఉండగా రాసిన నివాళిని పోయాక వాడటానికి మనసు ఒప్పలేదు.

కలెక్షన్ల వార్తల మీద కూడా కాస్త జాగ్రత్త కావాలి. మీ ప్రశ్న కింద ఇద్దరు దీని మీదే గొడవ పడ్డారు, చూశాను. ఒకరు చెప్పేది గ్రాస్, ఇంకొకరు చెప్పేది షేర్. మీరు 177 రూపాయలు పెట్టి టికెట్ కొంటే అందులో 27 రూపాయలు జీఎస్టీ. ఆ 177 గ్రాస్‌లోకి వెళ్తుంది. పన్ను తీసేస్తే 150, అది నెట్. అందులోంచి థియేటర్ అద్దెయినా, మల్టీప్లెక్సు అయితే పర్సంటేజీ అయినా పోగా డిస్ట్రిబ్యూటర్ చేతికి వచ్చేది షేర్. సినిమా బ్రేక్ ఈవెన్ అయిందా, అంటే కొన్నవాళ్ల డబ్బు తిరిగొచ్చిందా లేదా అనేది నైజాం (తెలంగాణ), సీడెడ్ (రాయలసీమ), ఉత్తరాంధ్ర అంటూ ఏరియాల వారీగా ఎంతకు కొన్నారు, ఎంత షేర్ వచ్చింది అన్నదాన్ని బట్టి తేలుతుంది. పోస్టర్ మీద వేసేది ఎక్కువగా గ్రాస్. ఒక హీరో సినిమా గ్రాస్‌ను ఇంకో హీరో సినిమా షేర్‌తో పోల్చి రాత్రంతా తిట్టుకునేవాళ్లను చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. ఆ అంకెల మీద స్పందన రాయడం నేను మానేశాను. మీరు రాయాలనుకుంటే ఏ అంకె ఏమిటో తెలుసుకుని రాయండి.

సినిమా చూసిన రాత్రి రాసే విషయంలో ఒక్క మాట. ఫస్ట్ డే ఫస్ట్ షో సింగిల్ స్క్రీన్‌లో చూస్తే సినిమా సగమే చూసినట్టు. హీరో ఎంట్రీకి కాగితాలు ఎగురుతాయి, ఈలలకు డైలాగులు వినపడవు, ముందు వరసలో వాళ్లు లేచి నిలబడితే ఫ్రేమ్ కింది సగం కనబడదు. ఆ షో గురించి రాయండి, హాలు ఎలా ఊగిందో రాయండి, అది మళ్లీ దొరకని అనుభవం. సెకండాఫ్ ల్యాగ్ ఉందా, కథలో పట్టుందా అనేది మాత్రం రెండోసారి ప్రశాంతంగా చూశాక చెప్పండి. నేను ఉదయం ఎనిమిది గంటల షోకి "డిజాస్టర్" అనుకుని, నాలుగో రోజు మా ఆవిడతో మ్యాట్నీకి వెళ్లి కళ్లనీళ్లతో బయటికి వచ్చిన సినిమాలు రెండున్నాయి. దీనికి తిరగబడినవి అంతకంటే ఎక్కువే ఉన్నాయి.

కొన్ని రోజులు మన సంతోషం పక్కన పెట్టాల్సి వస్తుంది. 2025 జూన్ 3 రాత్రి, పద్దెనిమిదో సీజన్లో బెంగళూరు ఐపీఎల్ గెలిచింది. నేను హైదరాబాద్ జట్టు మనిషినే అయినా కోహ్లీ మైదానంలో మోకాళ్ల మీద కూలి ఏడవడం చూసి రెండు పేజీలు రాసి పెట్టాను. మర్నాడు సాయంత్రం చిన్నస్వామి స్టేడియం బయట తొక్కిసలాటలో పదకొండు మంది చనిపోయారు. అంతకు ఆరు నెలల ముందే, 2024 డిసెంబర్ 4 రాత్రి, మన ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో ప్రీమియర్ షో దగ్గర తొక్కిసలాటలో ఒక తల్లి పోయింది, ఆవిడ కొడుకు ఆస్పత్రి పాలయ్యాడు. ఆ రెండుసార్లూ "మా హీరో తప్పు లేదు", "మా జట్టు తప్పు లేదు" అన్న పోస్టులు గంటలోపే మొదలయ్యాయి. పిల్లవాడు ఐసీయూలో ఉంటే అభిమాని మొదటి మాట అది అవడం నన్ను ఇప్పటికీ కలవరపెడుతుంది. నేనూ ఆ క్రాస్ రోడ్స్‌లో తెల్లవారుజాము షోలకు తోసుకుంటూ వెళ్లినవాణ్నే. అలాంటి రోజు మీ అభిమాన హీరో తరఫున వకాలత్ పుచ్చుకోకండి. రాస్తే పోయినవాళ్ల గురించి రాయండి, లేదా ఊరుకోండి. నా రెండు పేజీలు అలాగే పుస్తకంలో ఉన్నాయి, ఎవరికీ చూపించలేదు.

భాష గురించి కూడా అడిగారు. పేపర్ల వాళ్లకు టైం ఉండదు, "ఉత్కంఠభరిత పోరు", "చిరకాల ప్రత్యర్థి", "బాక్సాఫీస్ షేక్" అని వాళ్లు రాస్తే అర్థం చేసుకోవచ్చు. మనకు ఆ తొందర లేదు. మీరు గదిలో ఫ్రెండ్‌తో ఎలా చెబుతారో అలా రాయండి. టెన్షన్ అయితే టెన్షన్ అనే రాయండి, ఉద్విగ్నత అక్కర్లేదు. తిట్లు వద్దు, కామెంట్లలో తిట్టేవాళ్లకు జవాబూ వద్దు.

ప్రతిసారీ పేజీలకు పేజీలు రావాలనీ లేదు. 2023 నవంబర్ 19, అహ్మదాబాద్, ఆస్ట్రేలియాతో వన్డే ప్రపంచకప్ ఫైనల్. వరసగా పది మ్యాచులు గెలిచి వచ్చాం. రోహిత్ 47 మీద ఉండగా మ్యాక్స్‌వెల్ బంతిని లేపాడు, ట్రావిస్ హెడ్ వెనక్కి పరిగెత్తి డైవ్ చేసి పట్టాడు. మనం చేసినది 240. తర్వాత 137 కొట్టినదీ అతనే. ఆ రాత్రి నా పేజీలో ఉన్నది ఇంతే: "240. హెడ్ వెనక్కి పరిగెత్తాడు. అన్నం తినలేదు." రెండేళ్లు దాటినా దాన్ని పెంచి రాయాలనిపించలేదు. చదివితే ఆ రాత్రి మొత్తం గుర్తొస్తుంది.

మీరు ఇప్పుడే మొదలుపెడుతున్నారు కాబట్టి మా అమ్మాయి రాసినది ఒకటి చూపిస్తాను. తనకు పదకొండేళ్లు. 2025 నవంబర్ 2, నవీ ముంబైలో మహిళల ప్రపంచకప్ ఫైనల్. వాన వల్ల ఆట ఐదింటికి మొదలై అర్ధరాత్రి దాటింది. మన కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి ఆ టోర్నీలో 14 వికెట్లు తీసింది, అందుకని మా అమ్మాయి నిద్రపోనని పట్టుబట్టింది. రెండుసార్లు సోఫాలోనే కునుకు తీసి, వికెట్ పడ్డప్పుడల్లా మా అరుపులకు లేచింది. దీప్తి శర్మ బంతికి డి క్లెర్క్ కొట్టిన ఆఖరి క్యాచ్ టైముకి మాత్రం మెలకువగానే ఉంది. పొద్దున నా పుస్తకం తీస్తే, నా పేజీ కింద తన గుండ్రటి అక్షరాలు కనిపించాయి:

"హర్మన్ వెనక్కి పరిగెత్తి పట్టింది. నాన్న లేచి నిలబడ్డాడు. టీ కప్పు కింద పడింది. ఎవరూ తుడవలేదు."